సుచిత్ర చేసిన కుర్చీ

“శామ్యూల్ రాజ్ కుటుంబం కానుక, అని చెక్కు. నా పేరు మాత్రం కాస్త పెద్దక్షరాల్లో రావాలి,” అన్నాడు శామ్యూల్ రాజ్, భార్య సుచిత్ర అందించిన టీ గ్లాసు తీసుకుంటూ. అవనిగడ్డలో వాళ్ల చర్చి అంతా అంతే, ఫ్యాను రెక్కల మీద కూడా ఇచ్చినవాళ్ల పేర్లు గిరగిరా తిరుగుతుంటాయి. ఆదివారం పాస్టరు సత్యానందంగారికి ఇవ్వబోయే కుర్చీకి మాత్రం పేరు లేకపోతే ఎలా?

సుచిత్ర తలూపి పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్లింది. తుఫానుకి పడిపోయిన వేపచెట్టు కర్రతో చేసిన కుర్చీ అక్కడే ఉంది. నాలుగు నెలలుగా, అంట్లయ్యాక, బట్టలయ్యాక, అత్తగారి కాళ్లకి నూనె రాశాక మధ్యాహ్నం మిగిలిన ఆ ఒక్క గంటలో, వడ్రంగి తండ్రి పున్నయ్య దగ్గర నేర్చుకున్న పనితో, ఒక్క మేకూ కొట్టకుండా చేసింది. చిత్రిక పడుతుంటే పలచటి చుట్టలు పాదాల మీద రాలేవి, సముద్రపు పోటు తీసినప్పుడు ఇసుక మీద నీళ్లు వదిలిపోయిన జాడల్లా కర్రలోంచి గీతలు పాయలు పాయలుగా తేలేవి, వాటి వెంట వేలు పోనిస్తూ ఆమె ఎక్కడికో వెళ్లిపోయేది, వంటింట్లో కుక్కరు కూత కూడా ఎక్కడో దూరంగా వినిపించేది. “మా కోడలు ఏం తోచక చెక్క గీక్కుంటుంది లెండి,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది అత్తగారు సరోజ.

ఉలి తీసేలోపే శామ్యూల్ రాజ్ వచ్చి దర్జాగా కుర్చీలో కూలబడ్డాడు. మోకాళ్లు పైకి లేచాయి.

“ఇదేంటే, పీటలా ఇంత కిందికుంది?”

“బడిపిల్లల కుర్చీలా ఉందిరా,” అంది సరోజ గుమ్మంలోంచి. “సత్యానందంగారు ఆరడుగుల మనిషి. కాళ్లెక్కడ పెట్టుకుంటారు పాపం?”

“అసలు కొలతలు ఎవరివి తీసుకున్నావు?”

సుచిత్ర కుర్చీ కాళ్ల వైపు చూసింది. టేపు కాదమ్మా, కూర్చునే మనిషి మోకాలికి పుల్ల ఆనించి కొలవాలి అనేవాడు నాన్న. షెడ్డులో ఇంకో మనిషి లేదు. ఇన్నాళ్లూ తన మోకాలికే, తన మోచేతికే ఆనించుకుంటూ వచ్చింది, తనకే తెలియకుండా.

“ఓసారి లేవండి,” అంది.

ఆయన లేచాక తను కూర్చుంది. పాదాలు రెండూ నేలకి నిండుగా ఆనాయి. పెళ్లయినప్పటినుంచీ పన్నెండేళ్లుగా గడపల మీదా, మంచాల అంచుల మీదా, ఎవరో పిలుస్తారని సగం లేచే కూర్చున్న నడుము మెల్లగా వెనక్కి వాలింది.

“కాళ్ల కింద చెక్కలు అతికించెయ్, సాయంత్రానికి అయిపోతుంది,” అన్నాడు శామ్యూల్ రాజ్.

“అతికించనండి. సత్యానందంగారిని రమ్మనండి, ఆయన కొలత తీసుకుని ఇంకోటి చేస్తాను.”

“మరి ఇదో?”

“దీనికి మనిషి ఉందండి.”