గోరింటాకు చాటున

యమ్నా ఎడమచేత్తో ఒకావిడ భుజం అదిమి పట్టి, కుడిచేతి గరుకు తొడుగుతో వీపు రుద్దుతోంది. నల్ల సబ్బుకు నానిన మట్టి నూలుపోగుల్లా రాలుతోంది. ప్రతి ఊపుకీ తొడుగులో అరచేయి నిప్పుకణికను పట్టుకున్నట్టు భగ్గుమంటోంది. ఆవిడ మాత్రం హాయిగా మూలుగుతోంది.

ఫెస్ నగరం పాతబస్తీలోని ఆ ఆడవాళ్ళ స్నానశాలలో యమ్నా పెళ్ళికూతుళ్ళను రుద్దింది, బాలింతలను రుద్దింది, ఇప్పుడు వాళ్ళ కూతుళ్ళను రుద్దుతోంది. వేడినీళ్ళే ఆమె బతుకు. పేగులో గడ్డకు కేన్సర్ మాత్రలు రాసిచ్చిన డాక్టరమ్మ, "ఈ మందుకు అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి తోలు ఊడుతుంది. వేడినీళ్ళ జోలికి పోకు" అంది. యమ్నా బుద్ధిగా తలూపి, తిన్నగా పనికి వచ్చేసింది. ఎరుపు కనబడకుండా చేతులకు గోరింటాకు పట్టించింది.

తలుపు దగ్గర కూర్చుని పెత్తనం చేసే మహ్జూబా వదిలే మనిషి కాదు.

"ఏమే యమ్నా, వారం వారం గోరింటాకు! ఎవడే ఆ పెళ్ళికొడుకు?"

"నీ మొగుడే. నీతో చెప్పలేదా?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మహ్జూబా నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నీ చేతికేదో జబ్బని నిన్న ఒకావిడ అంది. అంటుకునేదే అయితే మళ్ళీ ఈ గడప తొక్కకు. జనం రావడం మానేస్తే నా గతేంటి?"

అంతలో లల్లా బతూల్ గోడ తడుముకుంటూ వచ్చింది. చూపులేని ముసలావిడ; పెద్దరికానికి అందరూ 'లల్లా' అని పిలుస్తారు. తోళ్ళు పదును చేసేవాడి పెళ్ళాం. యమ్నా చేయి తప్ప మరో చేయి ఒంటిమీద పడనివ్వదు. యమ్నా తొడుగు తీసి, సబ్బు తీసుకుని, ఆమె వీపుకు అరచేయి ఆనించింది.

ముసలి వీపు బిగుసుకుంది. గబుక్కున వెనక్కి తిరిగి ఆ చేతిని దొరకబుచ్చుకుంది. గోరింటాకు కళ్ళున్నవాళ్ళకే అడ్డం. లేచిన పొరలు, పగుళ్ళు, వేడి, అన్నీ ఆ వేళ్ళకు దొరికిపోయాయి.

"ఏంటే ఇది?"

"మాత్రల వల్ల, లల్లా. ఆ జబ్బుకి..." పేరు ఎత్తలేకపోయింది. "అంటుకోదు. అల్లా మీద ఒట్టు."

ముసలావిడ తలెత్తి కేకేసింది.

"మహ్జూబా!"

యమ్నా చేయి లాక్కోబోయింది, ముసలావిడ వదల్లేదు.

"ఒక బకెట్ చన్నీళ్ళు పట్రా!"

"ఈ చలిలో చన్నీళ్ళా? మతిపోయిందా లల్లా?"

"ఒళ్ళు నాది, మతీ నాదే. నువ్వు తే."

బకెట్ వచ్చింది. లల్లా బతూల్ యమ్నా చేతులు రెండూ అందులో ముంచింది. మహ్జూబా చూస్తూ నిలబడిపోయింది. మంట చల్లారుతుంటే యమ్నాకు ఏడుపొచ్చింది.

"అటు తిరుగు."

"నేనా?"

"ఊళ్ళో వీపులన్నీ రుద్దావు. నీ వీపు ఎవరైనా రుద్దారటే? తిరగవే పిల్లా."

తొడుగు లేని ముసలి చేయి సబ్బు నురగతో మెల్లగా వీపంతా తిరిగింది.

వెళ్తూ వెళ్తూ ముసలావిడ గడప దగ్గర, మహ్జూబా ముందు ఆగింది. "అంటుకునేదైతే ముందు నాకే అంటుకోవాలి. యమ్నా లేకపోతే నేనూ రాను."

మర్నాడు మహ్జూబా తలుపు దగ్గరి తన పీట యమ్నాకిచ్చి, తొడుగు తాను తొడుక్కుంది. యమ్నా మళ్ళీ వేడినీళ్ళు ముట్టలేదు. శుక్రవారాల్లో మాత్రం లోపలికెళ్ళి, లల్లా బతూల్ పక్కన చన్నీళ్ళలో చేతులు పెట్టుకుని కబుర్లు చెప్పేది.

ఎండలు ముదరకముందే యమ్నా పీట ఖాళీ అయింది. ఒంటికి ఆఖరి స్నానం చేయించింది మహ్జూబాయే. "మాత్రలు ఆపేశాక కొత్త తోలు వచ్చింది, లల్లా. చంటిపిల్ల అరచేతులే" అని ముసలావిడ చెవిలో చెప్పింది.

శుక్రవారం వస్తే బకెట్ల కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటారు. లల్లా బతూల్ పక్కన మాత్రం, అడక్కుండానే మహ్జూబా తెచ్చిపెట్టిన చన్నీళ్ళ బకెట్ ఒకటి, అంచుదాకా నిండి, ఎవరూ ముట్టకుండా ఉంటుంది.