తోడొచ్చిన మనిషి

ఆమె గిన్నెలు తోముతుంటే వెనకనుంచి భర్త ఏదో అన్నాడు. కుళాయి హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. "ఏంటండీ?" అంటే, "చెవుడా? చెవిటివాళ్ల గురించి చెప్పీ చెప్పీ నీకూ అంటుకుందా?" అని తన జోకుకి తనే నవ్వాడు. హాల్లోంచి అత్తగారూ ఆ నవ్వుకి శ్రుతి కలిపారు. అతను ఇందాకటి మాటే మళ్లీ అన్నాడు: "ఇవాళ్టితో నీ ముచ్చట తీరిపోతుందిగా, రేపట్నించైనా అమ్మకి వేళకి టిఫిను పెట్టమంటున్నా."

ముచ్చటట! మ్యూజియం గైడ్లకి ఆమె నేర్పేదే అది: వినపడనివాళ్లతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి, మొహం కనపడేలా నిలబడాలి. సొంతింట్లో మాత్రం ఇన్నేళ్లుగా మాటలన్నీ ఆమె వీపుకే తగులుతున్నాయి. ఒళ్లు మండింది. ఈ తాత్కాలిక ఉద్యోగం పర్మినెంటయితే చాలని, ఎవరికీ చెప్పకుండా ఆశపడుతోంది.

ఆరోజే శిక్షణకి ఆఖరిరోజు. గైడ్ల సాధన కోసం చూపులేని పెద్దావిడ ఒకరు చెల్లెల్ని తోడు తెచ్చుకుని వచ్చారు. గొంతు పెద్దదని అందరూ 'మైకు' అని పిలిచే గైడు హుషారుగా ముందుకొచ్చి చెల్లెల్ని అడిగాడు, "ఆవిడకి మంచినీళ్లు కావాలాండీ?"

"కళ్లే లేవు నాయనా, నోరుంది," అన్నారు పెద్దావిడ.

గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవారు ముందువరుసలోని మ్యూజియం డైరెక్టరుగారు. "ఏదైనా ఆ మనిషినే అడగండి, తోడొచ్చినవాళ్లని కాదు. చెప్పకుండా చెయ్యి పట్టుకుని లాగకండి," అని ఆమె గైడ్లకి చెబుతుంటే ఆయన బుద్ధిగా తలూపారు కూడా.

సాయంత్రం భర్త తీసుకెళ్లడానికి వచ్చాడు. గేటు దగ్గర డైరెక్టరుగారు నేరుగా అతని చెయ్యి అందుకున్నారు.

"మీ మిసెస్ బ్రహ్మాండంగా చెప్పారండీ. పర్మినెంటు చేద్దామనుకుంటున్నాం. సోమవారం నుంచి పంపిస్తారా?"

"తనకి కుదరదండీ. ఇంట్లో అమ్మ ఉంది. తనకీ పెద్ద ఇష్టం లేదులెండి."

"అయ్యో, అలాగా!"

ఇద్దరి మధ్యా ఆమె నిలబడే ఉంది. ఆమె ఉద్యోగం ఆమె తల మీదుగానే అటు వెళ్లి, ఇటు వచ్చి, పోయింది కూడా. "పద," అంటూ భర్త ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు.

ఇన్నేళ్లూ కోపాన్ని మింగుతూనే వచ్చింది. ఈసారి మింగలేదు. ఆ చెయ్యి విడిపించుకుంది. భర్తని దాటుకుని ముందుకొచ్చి, మొహం మీద వెలుతురు పడేలా డైరెక్టరుగారి ఎదురుగా నిలబడింది.

"సార్, ఈయన తోడొచ్చిన మనిషి," అంది. "నాకు నోరుంది. సోమవారం నుంచి వస్తున్నాను."