ఐదు వరుసల సాక్ష్యం

2019 మార్చి 12, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు సన్యాసమ్మ కుడి కంటితో నా మీది ఐదు వరుసలూ తప్పు లేకుండా చదివింది. ఆ రోజు ఆ కంటికి మొదటి వరుస కూడా కనబడటం లేదు.

నేను ఒక అక్షరాల చార్టుని. కళ్ళు పరీక్ష చేసేచోట గోడకు వేలాడతాను. పైన ఒక అక్షరం, దాని కింద రెండు, ఆ కింద మూడు, దిగేకొద్దీ చిన్నవవుతాయి. నన్ను 2009లో విజయవాడలో ఒక ప్రెస్సులో అచ్చు వేశారు. అక్షరాలు పేర్చిన మనిషికి ఒక నియమం చెప్పారు: ఏ వరుసా మాట కాకూడదు. మాటైతే సగం చూసి సగం ఊహించేస్తారు. అతను అలాగే పేర్చాడు. గ. ర ప. న ట వ. మాట కాని దాన్ని కూడా మనుషులు పాటలా కట్టుకోగలరని అతనికి తోచలేదు.

మొదట అనకాపల్లిలో ఒక కళ్ళజోళ్ళ కొట్టులో ఉన్నాను. నన్ను చదవగలిగినవాళ్ళకూ చదవలేనివాళ్ళకూ ఆ యజమాని కళ్ళజోడే ఇచ్చేవాడు. లైసెన్సు కాగితం కోసం లారీ డ్రైవర్లు వచ్చేవారు. ముందువాళ్ళు చదివేది బల్ల మీద కూర్చుని విని, తమ వంతు రాగానే అప్పజెప్పేవారు. పరీక్ష అనగానే మనుషులు నెగ్గాలనుకుంటారు, అది తమ కళ్ళకే అయినా సరే. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు గురించి తరవాత చాలాసార్లు ఆలోచించాను.

2014లో కొట్టు మూతబడింది. సామాను చోడవరం బస్టాండు వెనక వీధిలో ఉన్న కంటి కేంద్రానికి ఇచ్చేశారు. అక్కడ ఎస్తేరు రాణి నన్ను తడిగుడ్డతో తుడిచి, టేపుతో ఇరవై అడుగులు కొలిచి, కుర్చీకి ఎదురుగా మేకుకు తగిలించింది. ఆమె డాక్టరు కాదు, చూపు కొలిచే మనిషి. డాక్టరు సోమవారాలు విశాఖ నుంచి వస్తాడు. మిగతా ఐదు రోజులూ ఎస్తేరు ఒక్కతే. వంతు కోసం కూర్చునేవాళ్ళ బల్ల ఆ కుర్చీ వెనకే ఉంది. వేరే గది లేదు.

సన్యాసమ్మకు నలభై ఎనిమిదేళ్ళు. ఐదో తరగతి దాకా చదివింది. తోడికోడలు నూకరత్నం ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్న. 2017 ఆగస్టులో ఇద్దరూ చెరకు తోటలో జడ చుడుతున్నారు. గాలికి చెరకు పడిపోకుండా పక్కపక్క దుబ్బుల ఆకుల్ని మెలిపెట్టి కట్టడాన్ని అలా అంటారు. ఒకరు ఆకులు వంచి పట్టుకుంటే ఇంకొకరు మెలేస్తారు. పట్టుకున్నది రత్నం. పట్టు వదిలింది. ఆకు అంచు సన్యాసమ్మ కుడి కంటిని కోసింది. నాలుగు రోజులు పసరు పోసుకున్నారు. పుండు మానేసరికి నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది, చూపు పోయింది. 2018 డిసెంబరు 4న విశాఖలో ఆ మచ్చపడిన పొరను తీసేసి, చనిపోయిన ఒక మనిషి కంటి పొరను అక్కడ కుట్టారు.

ఇదంతా నేను చూడలేదు. కుర్చీలో కూర్చుని వాళ్ళు ఎస్తేరుకు చెబుతుంటే విన్నాను.

జనవరి 8న సన్యాసమ్మ మొదటిసారి నా ఎదుట కూర్చుంది. ఎస్తేరు ముందుగా ఒక మాట చెప్పింది.

“సన్యాసమ్మగారూ, కట్టు విప్పగానే అంతా కనబడిపోదు. కొన్నాళ్ళు పాలపొరలోంచి చూసినట్టే ఉంటుంది. ఒకరోజు బాగుంటుంది, మర్నాడు తగ్గినట్టుంటుంది. కుట్లు ఏడాది దాకా ఉంటాయి. అవి తీసినప్పుడల్లా చూపు మారుతుంది. అవి తీసే పని అయ్యాకే అద్దాలు రాస్తారు.”

“అయితే ఏడాది దాకా ఇంతేనేటమ్మా?”

“మెల్లగా పెరుగుతుంది. కానీ ఎరుపెక్కినా, నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, ఉన్న చూపు తగ్గినా ఆ రోజే రావాలి. మర్నాడు కాదు. ఒళ్ళు ఆ పొరని పరాయిదనుకుని తోసేస్తుంది. వెంటనే వస్తే మందుతో ఆపొచ్చు.”

సన్యాసమ్మ తలూపింది. ఆ రోజు మొదటి వరుస చదివింది. ఫిబ్రవరి 12న రెండోది కూడా చదివింది. రెండూ నిజంగా చదివినవే. ఆమె చూపు నా మీద పడటం నాకు తెలిసింది.

రెండుసార్లూ రత్నం కాళ్ళకు చెప్పులు లేవు. ఫిబ్రవరిలో ఎస్తేరు అడిగింది.

“ఏం రత్నం, చెప్పులు తెగిపోయాయా?”

“నేదమ్మా. అప్పకి చూపొచ్చీదాకా ఏసుకోనని నూకాలమ్మకి మొక్కుకున్నాను.”

“దీని మొక్కు తగలెయ్య,” అంది సన్యాసమ్మ. “చెరుకు మోళ్ళల్లో ఒట్టికాళ్ళతో తిరగతంది. మొన్న మడంలో మోడు దిగింది. నాకు కన్నొచ్చీసరికి దీనికి కాలు పోద్ది.”

“పోతే పోనీ. చెల్లుకి చెల్లు.”

“ఒలే, నోర్ముయ్.”

ఆ రోజు వంతు అయిపోయాక కూడా సన్యాసమ్మ వెళ్ళలేదు. బస్సుకు టైముందని బల్ల మీదే కూర్చుంది. ఆమె తరవాత పదకొండు మంది నన్ను చదివారు. వాళ్ళు చదువుతున్నంతసేపూ ఆమె పెదాలు కదిలాయి. నేను చూశాను. అలవాటు కొద్దీ నవ్వుకున్నాను.

మార్చి 12న బల్ల నిండిపోయి జనం గుమ్మం దాకా నిలబడ్డారు. సన్యాసమ్మ నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. రత్నం కుడి మడమకు గుడ్డ కట్టి ఉంది. ఆ పాదాన్ని వేళ్ళ మీదే మోపి నడుస్తోంది. ఎస్తేరు అద్దాలు తీయించింది.

“ఎర్రగా ఉందేమిటి?”

“దుమ్మమ్మా. బస్సులో కిటికీ కాడ కూకున్నాను.”

ఎస్తేరు ఎడమ కన్ను మూయించి చదవమంది. సన్యాసమ్మ ఐదు వరుసలు, పదిహేను అక్షరాలు చదివింది. చదువుతున్నంతసేపూ ఆమె కన్ను నా మీద లేదు. నాకు జానెడు దూరంలో ఉన్న క్యాలెండరు మీద ఉంది.

“ఒక్క నెలలో మూడు వరుసలా?” అంది ఎస్తేరు.

“అమ్మోరి దయ.”

కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. చూపు తగ్గితే ఎస్తేరు ఆ నిమిషమే విశాఖకు ఫోను చెయ్యాలి. పెరిగితే వచ్చే సోమవారం డాక్టరు చూస్తాడు. ఎరుపు దుమ్ము వల్లేననుకుని ఎస్తేరు ‘ఐదు వరుసలు’ అని రాసి సోమవారం రమ్మంది. రత్నం నేల మీద కూలబడి ఏడ్చింది.

“ఏడుపెందుకే? లెగు. బస్టాండు కాడ చెప్పులు కొనుక్కుందువు గాని.”

నాకు నోరు లేదు. అది నిజమే. ఆ నిజం చాటున ఆరు రోజులు ఉన్నాను. పదేళ్ళుగా అవే అక్షరాలు, అదే వరుస. దాన్ని నేను నిలకడ అనుకుంటూ వచ్చాను. ఎవరికైనా కంఠతా వచ్చేది నేను మారకపోవడం వల్లే.

మార్చి 18, సోమవారం, తొమ్మిదీ నలభైకి ఇద్దరూ మళ్ళీ వచ్చారు. సన్యాసమ్మ కంటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. రత్నం కాళ్ళకు నీలం రంగు చెప్పులున్నాయి. ఎస్తేరు తువ్వాలు తీసి చూసి, కుర్చీలో కూర్చోబెట్టి ఎడమ కన్ను మూయించింది. కర్ర తీసుకుని మూడో వరుస మీద పెట్టింది. ఏ వరుసో చెప్పలేదు.

“గ,” అంది సన్యాసమ్మ.

ఎస్తేరు కర్ర కదపలేదు.

“ర. ప.”

బల్ల మీదివాళ్ళు కర్ర వైపు చూశారు.

“సన్యాసమ్మగారూ, నేను చూపిస్తున్నది మూడో వరుస.”

సన్యాసమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“ఎన్నాళ్ళయింది కనబడక?”

“మొన్న వచ్చినప్పటికి రెండ్రోజులు. ఒకరోజు తగ్గినట్టుంటాదని మీరే అన్నారు కదమ్మా. అదే అనుకున్నాను.”

“మరి ఎందుకు చదివారు?”

“దీని కాలు సూడండి. సీము పట్టీసింది. నాకు చూపొచ్చిందని చెప్తే గాని చెప్పులేసుకోదు. ఇంకేటి సెయ్యను?”

రత్నం గోడకు ఆనుకుంది. “ఒకపాలి నీ కన్ను నేను పోగొట్టాను. ఇప్పుడు నా పేరు సెప్పి నువ్వే పోగొట్టుకుంటావా అప్పా?” అని చెప్పులు విప్పబోయింది.

“అవి కాని ఇప్పేవంటే నేను బస్సెక్కను. ఈ కుర్చీలోనే కూకుంటాను.”

“మొక్కు తప్పితే నీకే చేటు అప్పా.”

“అమ్మోరితో నేను మాటాడుకుంటాను. ఏసుకో.”

“మీ మొక్కులు మీ ఊళ్ళో తేల్చుకోండి,” అంది ఎస్తేరు. “రత్నం, ముందు చెప్పులేసుకో. పదీ ఇరవైకి విశాఖ బస్సుంది.”

పది గంటలకు డాక్టరు వచ్చాడు. యంత్రంలోంచి రెండు నిమిషాలు చూశాడు. ఒళ్ళు పొరను తోసేస్తోందని చెప్పి, తనే విశాఖకు ఫోను చేశాడు. రత్నం ఏడుస్తూనే చెప్పులు వేసుకుంది. ఇద్దరూ బస్సుకు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం డాక్టరు సంచి సర్దుకుంటుంటే ఎస్తేరు అడిగింది. “పన్నెండునే నేను ఫోను చేసుంటే?”

“చెప్పలేం,” అన్నాడాయన.

ఆమె వచ్చి నా ముందు నిలబడింది. ఐదు వరుసలూ పైనుంచి కిందకి నోట్లో చదువుకుంది. నన్ను మేకు మీంచి దించింది. తరవాతి వారం మూడు కొత్త చార్టులు తెప్పించింది. మూడింట్లో అక్షరాలు వేరు. వాటిని మార్చి మార్చి వేస్తుంది. నేను బీరువా వెనక, ముఖం గోడవైపు ఉన్నాను. ఇది శిక్ష అని ఎవరూ అనలేదు. స్థలం లేక అలా పెట్టారు.

ఆపైన నేను చూసింది లేదు, విన్నదే. సన్యాసమ్మను విశాఖలో ఐదు రోజులు ఉంచారు. గంటకోసారి చుక్కలు వేశారు. పొర సగం తేటపడింది, సగం మసకగానే ఉండిపోయింది. ఇంకోసారి మార్చాలా వద్దా అన్నది కుట్లు తీశాక చెబుతామన్నారు. రత్నం మడమ మే నెలలో మానింది. మొక్కు తప్పడం ఎవరి తప్పని ఇద్దరూ వచ్చినప్పుడల్లా బల్ల మీద వాదించుకుంటారు.

2019 డిసెంబరు 10, మంగళవారం, ఉదయం పదకొండుంబావుకు సన్యాసమ్మ వచ్చింది. అంతకు ముందు వారం విశాఖలో నాలుగు కుట్లు తీశారు. ఎస్తేరు చార్టు మార్చిన చప్పుడు విన్నాను.

“చదవండి.”

“మ.”

“తరవాత?”

కుర్చీ కిర్రుమంది.

“ఉన్నది సెప్పు అప్పా,” అంది రత్నం.

“ఒకటి డ. దాని పక్కది కనబడట్నేదమ్మా. కిందవి అసలే నేవు.”

‘ఒక వరుస, రెండో దాంట్లో ఒక అక్షరం,’ అని ఎస్తేరు పైకి చదువుతూ రాసింది.