కారు పందెంలో నా గొంతు

నేను ఒక హారన్‌ని. బటన్ నొక్కితే కీచుమనే ఈ కాలపు పిల్లకాకిని కాను. ముందు ఇత్తడి బూర, వెనక నల్లటి రబ్బరు ఉండ, పిసికితే "భోంయ్!" అనే పాతకాలపుదాన్ని. నన్ను చేసినాయన మద్రాసులో పెళ్ళి బ్యాండు బాకాలు చేసే మేస్త్రీ. అందుకేనేమో, నా గొంతు వినగానే జనం ముందు పక్కకి జరుగుతారు, ఎందుకు జరిగామా అని ఆ తర్వాత ఆలోచిస్తారు.

నా మొదటి కొలువు గూడూరులో, అభ్రకం గనుల కోదండరామిరెడ్డి గారి ఆకుపచ్చ కారుకి. కారు రెడ్డిగారిదే అయినా దాన్ని తోలింది, తుడిచింది, దానితో మాట్లాడింది డ్రైవరు చెంగయ్య. రోడ్డు మీద చెంగయ్య మహా మర్యాదస్తుడు. వెనక హారన్ కొట్టినవాడు ఎంత డొక్కు లారీవాడైనా సరే, కుడిచెయ్యి బయటపెట్టి ఊపి, కారు ఎడమకి తీసి దారిచ్చేవాడు. తనూ నన్ను మోగించకుండా ఎవర్నీ దాటేవాడు కాడు. "చెప్పకుండా దాటేది దొంగల పని" అనేవాడు.

ఆ రోజుల్లో మద్రాసు దగ్గర, యుద్ధం అయిపోయాక వదిలేసిన ఒక విమానాల రన్‌వే మీద, చుట్టూ గడ్డిమోపులు పేర్చి ఏటా కారు పందేలు పెట్టేవారు. మా రెడ్డిగారికి ఆ పందెం గెలిచినవాళ్ళకిచ్చే కప్పు మీద మోజు పుట్టింది. తనే తోలదామనుకున్నారు గాని పొట్ట ఒప్పుకోలేదు, స్టీరింగుకి అడ్డంపడింది. చివరికి చెంగయ్యని పిలిచి, "గెలిచినావంటే కప్పు నాకు, కారు నీకు" అన్నారు.

అంతే, చెంగయ్యకి నేల మీద కాలు నిలవలేదు. ఆ సాయంత్రం కారు కడుగుతూ, అప్పుడే అది తనదైపోయినట్టు, "తలుపు కీచుమంటా ఉంటే ఇన్నాళ్ళూ పట్టించుకోలేదే ఈయన!" అని రెడ్డిగారి మీదే విసుక్కున్నాడు.

పందెం రోజు పొద్దున్న వడపోత పోటీ. తోలేవాళ్ళంతా చేతులకి తోలు తొడుగులు వేసుకున్న దొరబాబులు. బరువు తగ్గుతుందని వాళ్ళ కార్లకి హారన్లు పీకించేశారు. మావాడికి ఆ సంగతి తెలియదు. ముందున్న కారు వెనక్కి చేరి, అలవాటుగా నన్ను పిసికాడు. అంత దొరబాబూ చటుక్కున చెయ్యి ఊపి పక్కకి తప్పుకున్నాడు! ఆ ముందాయనా అంతే. పోయినేడు కప్పు కొట్టిన జమీందారుగారబ్బాయి నరసింహబాబు కూడా బుద్ధిగా ఎడమకి జరిగి, వెళ్ళమని చెయ్యి చూపించాడు. తాము పందెంలో ఉన్నామన్న సంగతి వాళ్ళకి గీత దాటాక గుర్తొచ్చింది.

ఇంకేముంది, పెద్ద రగడ. మధ్యాహ్నం ఫైనల్లో ఏ కారుకీ హారన్ బిగించకూడదని పందెం నడిపే పెద్దలు తేల్చారు. చెంగయ్య నన్ను విప్పి, మెళ్ళో తుండుతో తుడిచి, వాళ్ళ బల్ల మీద పెట్టి, "పైలం సామీ, తడి తగిలితే గొంతు పోతాది" అని అప్పగింతలు చెప్పి మరీ వెళ్ళాడు. అతను అటు వెళ్ళాడో లేదో నరసింహబాబు వచ్చి నన్ను చంకన పెట్టుకున్నాడు. అదేమిటని పెద్దలు అడిగితే, "బిగించొద్దన్నారు గాని, ఒళ్ళో పెట్టుకోవద్దన్నారా?" అన్నాడు. వాళ్ళు రూలు మళ్ళీ చదువుకుని సరేనన్నారు.

నేను లేకపోయినా ఫైనల్లో చెంగయ్య గాలిలా పోయాడు. ఆఖరి చుట్టులో అతనే ముందు, మేము వెనక. రెడ్డిగారు పంచె ఎగ్గట్టి గడ్డిమోపు మీద గంతులేస్తున్నారు. నాకూ గంతెయ్యాలనే ఉంది గాని, నేనున్నది పగవాడి ఒళ్ళో. గీత కనబడుతుండగా నరసింహబాబు చెయ్యి నా మీద పడింది. మోగకూడదని ఎంత బిగబట్టానో నాకే తెలుసు. గొంతు నాదే, గాలి మాత్రం పిసికేవాడిది!

భోంయ్!

ముందు కారులోంచి చెంగయ్య కుడిచెయ్యి బయటికొచ్చింది. మర్యాదగా ఊగింది. ఆకుపచ్చ కారు ఎడమకి జరిగింది. దాటిపోతూ అతని మొహం చూశాను. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు పిచ్చివాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకురా దారిచ్చినావు?" అని రెడ్డిగారు జుట్టు పీక్కున్నారు.

చెంగయ్య తల వంచుకుని, "హారన్ కొట్టినాడు గదయ్యా" అన్నాడు.

కారు చెంగయ్యది కాలేదు. నరసింహబాబు కప్పుతో పాటు నన్నూ పట్టుకుపోయాడు, జ్ఞాపకంగా ఉంటానట. ఎత్తుకొచ్చిన వస్తువుకి మనుషులు ఎంత మంచి పేరు పెడతారో! ఏళ్ళు గడిచి రెడ్డిగారు పోయాక, వాళ్ళవాళ్ళు ఆకుపచ్చ కారుని అమ్మేస్తే దాన్నీ నరసింహబాబే కొన్నాడు. ఇప్పుడు ఆయన బంగళా వెనక షెడ్డులో పాత కార్లన్నీ జనం చూడటానికి పెట్టారు. నేను కప్పు పక్కన ఒక బల్ల మీద ఉంటాను, "పందెం గెలిచిన హారన్" అన్న చీటీతో. కారు తోలకుండానే గెలిచినందుకు సిగ్గుపడుతూ ఉంటాను.

మొన్నొక ముసలాయన వచ్చాడు. నా చీటీ చూసి ఫక్కున నవ్వాడు. ముట్టుకోవద్దని బోర్డు ఉన్నా నన్ను ఎత్తి, మెళ్ళో తుండు తీసి తుడిచాడు. ఆ తుడుపు నాకు తెలియదా? చెంగయ్య!

ఎదురుగా ఆకుపచ్చ కారు. దానికి అడ్డంగా, మాకు వీపు పెట్టి, ఎవరికో తన గెలుపు కథ చెప్పుకుంటూ ముసలి నరసింహబాబు. చెంగయ్య నన్ను పిసికాడు. నా రబ్బరు పగుళ్ళిచ్చింది. అయినా ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాను.

నరసింహబాబు వెనక్కి తిరిగి చూడనైనా లేదు. మాట ఆపి, కుడిచెయ్యి ఊపి, ఎడమకి జరిగాడు.

చెంగయ్య తిన్నగా వెళ్ళి కారు తలుపు తీశాడు. అది ఇంకా కీచుమంటూనే ఉంది. స్టీరింగు ముందు కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుని, "దారెందుకిచ్చినారు బాబూ?" అని అడిగాడు.

నరసింహబాబు తెల్లబోయి ఆ మొహంలోకి చూశాడు. పోల్చుకున్నాడు.

"హారన్ కొట్టావు కదయ్యా" అన్నాడు సన్నగా.

"అయితే సరే. కప్పు మీకు, కారు నాకు."

నరసింహబాబు కప్పుకేసి ఒకసారి, కారుకేసి ఒకసారి చూశాడు. తర్వాత చెంగయ్య ఒళ్ళో ఉన్న నన్ను చూసి, "ఒళ్ళో పెట్టుకున్నావేం? ముందు దాన్ని బిగించు" అన్నాడు.