తురకవేప

"విత్తనాల మూట ముట్టద్దు, ఆ పక్కకుండు నాగజ్యోతీ."

తలుపుల ఊళ్లో మా అత్త కౌసల్యమ్మ ఏటా వేరుశనగ విత్తే పొద్దున అనే మాట ఇది. కాపురానికి వచ్చిన ఏడాది నేను పెట్టిన సొరపాదు ఎండిపోయిందని, నాది మంచి చెయ్యి కాదని తేల్చేశారు. గింజ వేయడానికి పక్కింటి పుల్లమ్మను పిలుస్తారు. కలుపు తీయడానికి, కాయలు పెరకడానికి, పేడ ఎత్తడానికి మాత్రం నా పాడుచెయ్యే కావాలి. ఒళ్లు మండేది. వినీ వినీ నేనూ నమ్మేశాను చూడండి, అదీ నా ఏడుపు.

ఒకసారి పెనుకొండలో పెళ్లికి పోయినప్పుడు, రాలిన పసుపు పండ్లు వేపపండ్లనుకుని కొంగున కట్టుకొచ్చాను. బట్టలుతికే బండ పక్కన దొంగతనంగా పాతాను. మొలిచింది. నా ఎత్తు దాటింది. చలి ముదరగానే ఆకంతా రాలిపోయి మోడైంది.

"చూసినావా, దీని చెయ్యి పడితే వేపమానైనా సస్తాది" అంది అత్త.

"రేపు కొట్టేస్తాలే" అన్నాడు మా ఆయన రాఘవేంద్ర.

గోటితో బెరడు గీరాను. లోపల పచ్చగా ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను. కొమ్మ తుంచి, రాలిన ఆకొకటి పొట్లం కట్టి, హిందూపురం బస్సెక్కాను. నర్సరీలో మారక్క ఆకు తిప్పి చూసింది.

"ఇది వేప కాదు తల్లీ, తురకవేప. వేపాకు ఒకే ఈనెకు ఉంటాది. ఇది చూడు, ఈనెకు ఈనెలు. చలికాలం ఆకు రాల్చేది దాని తీరు. సావలేదు, పో."

ఇంటికొచ్చి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను. "బతికే ఉండాది. కొట్టద్దు" అన్నాను. మా ఆయన పక్కకు జరగమన్నాడు. అయినా జరగలేదు.

వసంతంలో చిగురేసింది. మరో రెండేళ్లకు లేతవంకాయ రంగు పూత పూసింది. ఆ చలికాలం ఆకు ఒక్కటి లేదు గానీ కొమ్మకొమ్మకూ పసుపు పండ్ల గుత్తులే. దారినపోయేవాళ్లు బండ్లాపి చూశారు. పుల్లమ్మ విత్తనం అడిగితే అత్త గుత్తి తెంపబోయింది.

"నువ్వద్దులే కౌసల్యమ్మా, నాగజ్యోతి చేత్తోనే ఇప్పియ్యి. మంచి చెయ్యి."

ఈ పండ్లు విషం, పిల్లలు నోట పెట్టుకోకుండా చూడమని చెప్పి, దోసిలి నిండా ఇచ్చాను. ఆరోజు అన్నం తినకపోయినా కడుపు నిండింది.

ఈ ఏడు తొలివానకు నేల పదునైంది. పొద్దున్నే నేనే మూట విప్పి, గింజలు ఒడిలో పోసుకుని విత్తే గొర్రు వెనక నిలబడ్డాను.

"పంట పోతే ఎవరిది పూచీ?" అన్నాడు మా ఆయన.

"ఇన్నేండ్లలో నేను ముట్టకుండానే ఎన్నో పంటలు ఎండిపోయె కదా," అన్నాను, "అది ఎవరి చెయ్యి?"