ఆ మాట నాది కాదు

ఆ యూనివర్సిటీ చాలా చిన్నది. మూడు బిల్డింగులు, ఒక గ్రౌండు, ఎంత లెక్కపెట్టినా ఆరొందలు దాటని పిల్లలు. ప్రైవేటుది కాబట్టి గోడల మీద బోర్డులు మాత్రం ప్రపంచమంతా తమదే అన్నట్టుంటాయి. అందులో భూగర్భశాస్త్రం చదివేది తొమ్మిదిమంది. ఆ తొమ్మిదిమందిలో ఒకమ్మాయికి పుట్టుకతోనే వినపడదు, మాటా లేదు. ఎప్పుడు చూసినా చేతిలో ఏదో ఒక రాయి తిప్పుతూ ఉంటుందని తోటిపిల్లలు ఆమెకి రాళ్లపిల్ల అని పేరు పెట్టారు. ఆ పిల్లకి ఆ పేరు ఇష్టమే.

రాళ్లపిల్ల ఎక్కడుంటే అక్కడ ఆమె దుబాసీ ఉండేది. సార్లు నోటితో చెప్పింది చేతులతో పిల్లకి చెప్పడం, పిల్ల సైగలతో చెప్పింది పైకి పలకడం ఆవిడ ఉద్యోగం. ఈ ఉద్యోగానికి ఒక నియమం ఉంది. పలికేటప్పుడు "ఆ అమ్మాయి ఇలా అంటోంది" అనకూడదు. "నేను" అనాలి. మూడేళ్లుగా రోజుకి ఆరేసి గంటలు ఆవిడ ఇంకొకరి "నేను" పలుకుతూనే ఉంది. ఇంటికెళ్లి "నాకు ఆకలేస్తోంది" అంటే, "నీకా, ఆ పిల్లకా?" అని మొగుడు ఏడిపించేవాడు.

ఆవిడకి ఆ పిల్లంటే ప్రాణం. అందులో ఆవగింజంత అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదట్లో అన్నీ చిన్నచిన్నవే. రాళ్లపిల్ల ముక్కుసూటి మనిషి. సార్ ఏదైనా అడిగితే "తెలీదు" అని సైగ చేసి ఊరుకునేది. ఆవిడ దాన్ని "క్షమించండి సార్, రేపు చదువుకుని వచ్చి చెప్తాను" అని పలికేది. పిల్ల "మీరు చెప్పింది తప్పు" అంటే, ఆవిడ నోట్లోంచి "సార్, నాకొక చిన్న అనుమానం" అని వచ్చేది. దీనివల్ల ఎవరి కొంప మునిగింది అనుకుంది. ఒకసారి ఉప్పూ కారం అద్దడం అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? మూడో ఏడు వచ్చేసరికి డిపార్టుమెంటులో అందరూ ఆ పిల్ల వినయాన్ని తెగ పొగిడేవాళ్లు. ఆ పొగడ్తలు సైగల్లో చెప్తే పిల్ల "వినయమా? నాకా?" అని నవ్వేది. దుబాసీ కూడా నవ్వేసేది.

ఆ ఏడే సీటు సంగతి వచ్చింది. కొండల్లో ఒక పెద్ద పరిశోధన కేంద్రం ఉంది. ఏటా ఈ యూనివర్సిటీ నుంచి ఒక్కరిని తీసుకుంటుంది. ఆర్నెల్లు అక్కడే ఉండి శాస్త్రవేత్తలతో కలిసి పనిచెయ్యొచ్చు. చేరిన రోజు నుంచీ రాళ్లపిల్ల మనసంతా దాని మీదే ఉంది. ఇంటర్వ్యూలో డీన్‌గారు, ఆయనకి చెరో పక్కా ఒక మేడమ్, ఒక సార్ కూర్చున్నారు.

"ఈ సీటు నీకే ఎందుకివ్వాలమ్మా?" అని డీన్‌గారు అడిగారు.

"నాకు రాళ్లు తెలుసు. కొలవడం వచ్చు," అంది పిల్ల, చేతులతో.

దుబాసీ అదే పలికింది. ముగ్గురూ ఇంకా ఏదో చెప్తుందని చూస్తున్నారు. మూడేళ్ల ఆశ ఈ రెండు ముక్కలతో నీళ్లపాలవుతుందని ఆవిడకి అనిపించింది. ఇంక ఆగలేకపోయింది. "నాకు వినపడదు. కానీ రాళ్లు నాతో మాట్లాడతాయి. వాటి మాట వినడానికి చెవులక్కర్లేదు," అనేసింది.

మేడమ్ కళ్లు తుడుచుకుంది. సీటు వచ్చింది.

వారం తిరక్కుండానే మెట్ల దగ్గర గోడకి నిలువెత్తు పోస్టర్ అంటించారు. పైన "మా విద్యార్థులు, వారి అవకాశాలు" అని ఉంది. మధ్యలో రాళ్లపిల్ల ఫొటో, దాని కింద బెత్తెడేసి అక్షరాల్లో ఆ రాళ్ల మాట. పిల్ల అది రెండుసార్లు చదివి దుబాసీ వైపు తిరిగింది.

"ఇది ఎవరన్నారు?"

"నీకు సీటు రావాలనే... నీ మంచికోసమే," అంది దుబాసీ.

"రాళ్లు మాట్లాడవు," అంది పిల్ల. "డీన్‌గారి దగ్గరికి పదండి."

డీన్‌గారి గదిలో ఆయనా, పిల్లా, దుబాసీ తప్ప ఇంకెవరూ లేరు. పిల్ల చెప్పేది పలకడానికి ఆవిడ తప్ప వేరే దిక్కు లేదు. పోస్టర్లో ఫొటో బాగాలేదు, మార్చమంటోంది అని చెప్పేస్తే గండం గడిచిపోయేది. డీన్‌గారికి సైగలు తెలీవు. ఆ ఆలోచన ఆవిడకి వచ్చింది కూడా. కానీ పిల్ల తనని కాక డీన్‌గారినే చూస్తూ చెప్తోంది. ఇంత జరిగాక కూడా తన మాట సరిగ్గా చేరుతుందని నమ్మే చెప్తోంది. ఆ నమ్మకం చూశాక ఆవిడ ఒక్క ముక్క కూడా మార్చలేదు.

"పోస్టర్ మీదున్న మాట నాది కాదు," అని పలికింది. "నేను అనలేదు. నా దుబాసీ నాకు చెప్పకుండా చేర్చింది. ఇంకా ఎన్ని చేర్చిందో నాకు తెలీదు. ఇలా వచ్చిన సీటు నాకొద్దు. ఇంకో దుబాసీని పెట్టి నన్ను మళ్లీ అడగండి."

డీన్‌గారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "అమ్మా, ఈ మాట మీరంటున్నారా, ఆ అమ్మాయంటోందా?"

"ఆ అమ్మాయే సార్," అంది ఆవిడ. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

పదిరోజుల తర్వాత మళ్లీ ఇంటర్వ్యూ పెట్టారు. బయటినుంచి వేరే దుబాసీని పిలిపించారు. పాత దుబాసీని ఎవరూ రమ్మనలేదు. అయినా మనసొప్పక వచ్చి వరండాలో నిలబడింది. గది తలుపు అద్దానిది. లోపలి మాటలు వినపడకపోయినా పిల్ల చేతులు కనిపిస్తున్నాయి.

"నాకు రాళ్లు తెలుసు. కొలవడం వచ్చు," అన్నాయి చేతులు. అని ఒళ్లో వాలిపోయాయి.

కొత్తాయన పెదాలు అంతవరకే కదిలి ఆగిపోయాయి. ఇంకేదైనా అనవయ్యా అని ఆవిడ బయట పళ్లు నూరుకుంది. ఆయన అనలేదు. చాలాసేపటికి పిల్ల చేతులు మళ్లీ లేచాయి.

"మా నాన్న క్వారీలో పనిచేసేవాడు. నాకు ఏడేళ్లప్పుడు బండ విరిగి ఆయన మీద పడింది. ఎందుకు విరిగిందని అమ్మ అడిగితే, మీ ఖర్మ అన్నారు క్వారీవాళ్లు. ఖర్మ కాదు. విరిగే ముందు రాయిలో సన్నగా పగులు వస్తుంది. అది రోజూ కొలిస్తే తెలుస్తుంది. అలా కొలవడం అక్కడ నేర్పుతారు. అందుకే వెళ్తానంటున్నాను."

పిల్లకి తండ్రి లేడని దుబాసీకి రెండో ఏడు తెలిసింది. ఏదో జబ్బు చేసి ఉంటుందిలే అనుకుంది. ఎప్పుడూ అడగలేదు.

సీటు మళ్లీ రాళ్లపిల్లకే ఇచ్చారు. ఆర్నెల్లూ ఆమె వెంట కొత్తాయనే వెళ్లాలని కూడా అక్కడికక్కడే తేల్చేశారు. పిల్ల బయటికొచ్చి ఆవిణ్ణి చూసి ఆగింది.

"మీ నాన్న సంగతి నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?" అని దుబాసీ సైగ చేసింది.

పిల్ల మొహంలో కోపం లేదు. "చెప్పబోయానక్కా. మొదటి ఏడు మనల్ని క్వారీకి తీసుకెళ్లారు గుర్తుందా? భయంగా ఉందా అని సార్ అడిగారు. 'మా నాన్న' అని మొదలుపెట్టాను. నేను ఇంకా చెప్తుండగానే మీరు ఏదో అనేశారు. సార్ నవ్వారు. సార్ నవ్వారని ఇంక చెప్పలేదు."

పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది. దుబాసీ వరండా గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ రోజు తను ఏమందో ఆవిడకి పొల్లుపోకుండా గుర్తుంది. "భయమేం లేదు సార్, ఈసారి మా నాన్నని కూడా తీసుకొచ్చి ఇదంతా చూపిస్తాను," అంది.