కవర్ అడిగితే ప్రార్థన

బండలు కోసే మిషన్ బ్లేడు మీది నెత్తురు కృపమణి చేతే కడిగించారు. ఆ నెత్తురు ఆమె మరిది లాజరుది. కుడిచేతి వేళ్లు తెగి అతను కర్నూలు పెద్దాసుపత్రిలో పడి ఉంటే, ఇక్కడ బండల ఫ్యాక్టరీ ఒక్క పూటైనా ఆగలేదు. ఎంత దుర్మార్గం!

ఆ బ్లేడుకు ఒకప్పుడు ఇనుప కవర్ ఉండేది. దానివల్ల పని నిదానమవుతోందని మేనేజర్ భూపేష్ పోయినేడాది ఊడదీయించాడు. కూలీలంతా పోయి కవర్ బిగించమని అడిగారు. ఆయన కవర్ ఇవ్వలేదు, పనికి ముందు గేటు దగ్గర ప్రార్థన పెట్టించాడు. దేవుడే కాపాడతాడన్నాడు. చర్చి సంఘపోళ్లు ఎక్కువున్న చోటు కదా, అందరూ మురిసిపోయారు. ప్రార్థన చేయించే కృపమణి మరీ మురిసింది. యజమానిని దీవించమని రోజూ గొంతెత్తి వేడుకుంది కూడా.

ఇప్పుడు భూపేష్ ఆమెను ఆఫీసులోకి పిలిపించాడు. రేపు లేబర్ ఆఫీసరు వస్తాడట. కవర్ లాజరే తీసేశాడనీ, ఆ తప్పు క్షమించమనీ ఆఫీసరు వినేలా ప్రార్థించాలట. చెప్పకపోతే ఆమెకు పని లేదు. చెప్తే నష్టపరిహారం రాక లాజరు ఇంటిల్లిపాది నోట్లో మన్నే.

తెల్లారి అందరూ తలలు వంచారు. ఆఫీసరు పక్కన భూపేష్ కూడా వంచాడు. కృపమణి ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, కవర్ తీపిచ్చింది భూపేష్ సారే. లాజరు మీంద అబద్ధం చెప్పమంటాండాడు. మేము కవర్ అడిగి, ప్రార్థన ఇస్తే తీసుకోని ఊరికుండినాము. ఆ తప్పు మాది. క్షమించు తండ్రీ."

అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు.

ఆఫీసరు విన్నది రాసుకుని వెళ్లిపోయాడు. భూపేష్ మొహం మాడిపోయింది. మిషన్లు వేయమన్నాడు. స్విచ్చు దగ్గరికి ఒక్కరూ పోలేదు. కవర్ బిగించేదాకా, లాజరుది తప్పు లేదని ఒప్పుకునేదాకా బండ కోసేది లేదన్నారు. భూపేష్ పిలిపిస్తే మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. జనాన్ని రెచ్చగొట్టిందని కృపమణిని ఎక్కించారు. ఆమె వెనక్కి తిరిగి కూలీల వంక చూసింది. తను పోతే వీళ్లు నిలబడతారా?

అప్పుడు తోటి కూలీ నాగలక్ష్మమ్మ వచ్చి జీపుకు అడ్డం నిలబడింది. ఏటేటా మహానందికి పోయొచ్చే మనిషి, ప్రార్థన వేళ రోజూ దూరంగా కూర్చునే మనిషి.

"నాకు మీ ప్రార్థన రాదు. కృపమణి అడిగిందే నేనూ అడుగుతాండా," అంది. "రాండప్పా. ఈసారి ఎవురూ కండ్లు మూసుకోవద్దండి."

ఒకరి వెనక ఒకరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. జీపు స్టార్టయింది గానీ కదలలేదు.